అరవై రెండో మినహాయింపు

ఆ వానాకాలం మా బస్సు డిపోకి కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు లేవని కాదు. మేనేజరు బల్ల మీద ఒకటి, నా బల్ల మీద ఒకటి ఉండేవి, ఉత్తరాలు కొట్టుకోవడానికి. ఈసారి వచ్చింది వేరు. ఎవరు ఏ బస్సు ఎక్కాలో, ఏ పూట ఎక్కాలో, ఏ రోజు ఇంటిపట్టున ఉండాలో ఇక అదే చెబుతుందన్నారు. అప్పటిదాకా ఆ సంగతి చెప్పేది మా మామయ్య, అంటే మా ఆయన తండ్రి.

ఇరవై ఎనిమిదేళ్ళుగా డ్యూటీ చార్టు ఆయనే వేసేవారు. శనివారం భోజనం కాగానే బల్లంత కాగితం పరిచి, రెండు పెన్సిళ్ళు చెక్కి పక్కన పెట్టుకుని కూర్చునేవారు. రెండు వందల పది మంది డ్రైవర్లు, దాదాపు అంతమంది కండక్టర్లు. దీపాలు పెట్టే వేళకి అందరూ గళ్ళలో ఒదిగిపోయేవారు. "నాకీ దారి వద్దు గురువుగారూ" అని ఎవరైనా వచ్చి నసిగితే తలెత్తకుండానే "వచ్చే వారం చూద్దాం పో" అనేవారు. వచ్చే వారం నిజంగానే చూసేవారు. అందుకే డిపోలో ఆయనకి చార్టు పెద్దాయన అని పేరు పడింది. పదవీ విరమణకి ఇంకా ఆరు నెలలుందనగా ఈ కొత్త సిస్టమ్ వచ్చిపడింది.

దాన్ని పెట్టడానికి కంపెనీ తరఫున ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. మర్యాదస్తుడు, డీజిలు వాసన పడదు. డ్రైవర్లు ఆయనకి మొదటి రోజే సిస్టమాయన అని పేరు పెట్టేశారు. మూడు రోజుల పాటు మామయ్య ఎదురుగా పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు.

"ఈ డ్రైవరుకి బుధవారం ఎప్పుడూ మధ్యాహ్నమే వేస్తున్నారు. ఎందుకండీ?"

"అలా వేస్తానండీ."

"అదే, దేన్ని బట్టి వేస్తారు?"

"చూసి వేస్తానండీ."

"ఏం చూసి?"

"మనిషిని చూసి."

సిస్టమాయన పుస్తకం మూసేశాడు. ఆ సాయంత్రం మేనేజరు నన్ను లోపలికి పిలిచాడు.

"నువ్వు ఆ ఇంటి కోడలివి. ఆయన నోట్లోంచి మాట రాబట్టడం నీ ఒక్కదాని వల్లే అవుతుంది. వచ్చే నెల ఒకటో తారీఖుకి ఇది నడిచి తీరాలి. నడిస్తే దీన్ని చూసుకోవడానికి ఒక సూపర్‌వైజరు కావాలి మరి" అని అక్కడితో ఆపేశాడు. నాకూ అంతకన్నా చెప్పనక్కర్లేదు. పదకొండేళ్ళుగా ఇంకొకరు సంతకం పెట్టే ఉత్తరాలు కొడుతున్నదాన్ని.

మా ఇంటి నుంచి డిపోకి ఇరవై అయిదు నిమిషాల నడక. కాపురానికి వచ్చిన ఏడేళ్ళలో మేమిద్దరం ఆ దారిన కలిసే వెళ్ళేవాళ్ళం గానీ కలిసి నడిచింది లేదు. ఆయన నాలుగడుగులు ముందు, నేను నాలుగడుగులు వెనక. మర్నాడు ఆ నాలుగడుగులూ నేనే గబగబా వేశాను.

"మామయ్యా, బక్కపల్చగా ఉంటుంది చూడండి ఒక కండక్టరు, ఆవిడకి మంగళవారం, శుక్రవారం పొద్దుటి పూటే ఎందుకు వేస్తారు?"

"నీకెందుకమ్మాయ్?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ అడగరు" అని నవ్వారు. పది అడుగులు వేశాక ఆయనే చెప్పారు. ఆ రెండు మధ్యాహ్నాలూ ఆవిడ కూతురికి ఆసుపత్రిలో రక్తం ఎక్కిస్తారు. ఇంకో డ్రైవరు తండ్రి మంచంలో ఉన్నాడు, స్నానం చేయించి గానీ కొడుకు ఇల్లు కదలలేడు. ఇద్దరు అన్నదమ్ములు తండ్రి పోయిన నాటి నుంచి మాట్లాడుకోరు, ఒకే బస్సుకి వేస్తే టికెట్టు ఇచ్చే వాడికీ బండి తోలే వాడికీ మధ్య సైగలే. ఒకడికి కొండ దారి పడదు. ఒకప్పుడు అక్కడ తన కళ్ళ ముందే లారీ లోయలో పడింది, ఆ మలుపు వస్తే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

నేనెందుకు అడుగుతున్నానో ఆయనకి తెలుసు. తెలిసే చెప్పారు. రెండో వారానికల్లా టీ కొట్టు దగ్గర ఆగి "రాసుకో రాసుకో, మళ్ళీ మర్చిపోతావు" అని నేను రాసుకునేదాకా గ్లాసు పట్టుకుని నిలబడేవారు. అత్తయ్య పోయాక ఆయన్ని అన్నం తిన్నారా, మందు వేసుకున్నారా అని తప్ప ఇంకో మాట అడిగినవాళ్ళు లేరు. ఆ మూడు వారాల్లో ఆయన నడకే మారిపోయింది. నాకు కావలసింది నేను రాబట్టుకుంటున్నానని తెలిసి కూడా, ఆ పొద్దుటి నడకలు నాకూ నచ్చాయి.

మొత్తం అరవై ఒక్క మినహాయింపులు తేలాయి. సిస్టమాయన వాటికో పేజీ తయారుచేశాడు. మనిషి పేరు, మినహాయింపు, కారణం, ఆధారం. కారణం గడి నింపకపోతే అది ముందుకు కదలదు.

ఆ తరవాత ఒక రోజు, సన్నగా తుంపర పడుతుంటే, మామయ్య ఒక కొట్టు చూరు కింద ఆగారు.

"ఇంకొకటి ఉందమ్మాయ్. అది రాయకు."

నిదానం సంగతి. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. బండిని అంత నెమ్మదిగా, నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకున్నట్టు తోలతాడని ఆ పేరు. ముసలివాళ్ళూ కడుపుతో ఉన్నవాళ్ళూ ఆయన బస్సు కోసం ఇంకో పది నిమిషాలు ఆగేవాళ్ళు.

"వాడికి రేచీకటి. వెలుగున్నంతసేపూ గద్ద చూపు. పొద్దు వాలిందా, గోడకీ గుమ్మానికీ తేడా తెలీదు. ఆరేళ్ళ కిందట ఇంటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు."

"మరి కంటి పరీక్షలు చేస్తారుగా?"

"పట్టపగలు, అంత దీపం పెట్టి అక్షరాలు చదవమంటారు. గడగడా చదివేస్తాడు. బయటపడితే స్టీరింగు లాగేసి గ్యారేజీలో చీపురిస్తారు. స్టీరింగు లేకపోతే వాడు మనిషి కాడమ్మాయ్. అందుకని తెల్లవారాక ఎక్కిస్తాను, ఎండ ఉండగానే దింపేస్తాను. ఆరేళ్ళలో ఆ బండి మీద ఒక్క గీత పడలేదు."

"సరే మామయ్యా. రాయను."

ఆయన వెంటనే కదల్లేదు. నా మొహంకేసి కాసేపు చూసి, గొడుగు విప్పుకుని నడిచారు. నేను మాటిచ్చినందుకు గుండె తేలికపడిందేమో అనుకున్నాను.

ఇప్పుడు చెప్పుకోవాలంటే మాట నిలబెట్టుకున్నానని చెప్పుకోవచ్చు. అసలు సంగతి అది కాదు. ఆ రోజే సిస్టమాయన అన్నాడు, ఆరోగ్య కారణాలేవైనా ఉంటే అవి డాక్టర్ల బోర్డుకి వెళతాయి, అక్కడి నుంచి జవాబు వచ్చేదాకా డిపో జాబితా మొత్తం ఆగిపోతుందని. మేనేజరు పక్కనే ఉన్నాడు. "తల్లీ, ఇక కొత్తవి చేర్చకు. తారీఖు దాటితే నా తల ఎగిరిపోతుంది" అన్నాడు. రాయకపోవడం నాకు కలిసొచ్చింది. దానికి మాట అని పేరు పెట్టుకున్నాను.

అరవై ఒకటిలో పై ఆఫీసు ఒప్పుకున్నవి తొమ్మిది. మిగతావాటికి ఆధారం జతచేయలేదు. తండ్రికి స్నానం చేయించడానికి ఎవరి దగ్గరికెళ్ళి కాగితం తెస్తారు? బక్కపల్చటి కండక్టరుది మటుకు ఆసుపత్రి చీటీల పుణ్యమా అని నిలిచింది.

నెలాఖరుకి చార్టు బల్ల తీసేసి, గేటు పక్క గోడకి పెద్ద తెర బిగించారు. మామయ్యని ప్రయాణికులు మరిచిపోయిన సామాన్ల గదికి వేశారు. గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు. "ఇక్కడా చార్టేనమ్మాయ్, కాకపోతే గొడుగులకి. ఒక్కటీ సెలవడగదు" అన్నారు. నవ్వాలి కాబట్టి నవ్వాను.

బుధవారం మధ్యాహ్నం తెర వెలిగింది. మర్నాటి నుంచి ఎవరికి ఏ పూటో అందులో వరసగా వచ్చింది. అరగంట తిరక్కుండా నిదానం నా కిటికీ దగ్గరికి వచ్చాడు. నడిమి వయసు దాటిన మనిషి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నాకు సాయంత్రం బండి పడింది. ఫ్యాక్టరీల దారి."

చూశాను. మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పదింటి దాకా.

"సోమవారం సిస్టమాయన వస్తారు. రాగానే సరిచేయిస్తాను. ఈ నాలుగు రోజులూ ఎవరితోనైనా మార్చుకోండి."

"మార్చుకోవాలంటే దాన్లోనే అడగాలంటగా. ఎందుకని అడుగుతోంది. ఏం చెప్పను?"

"పోనీ సెలవు పెట్టండి."

"వారం ముందు చెప్పాలంటోంది." గొంతు తగ్గించాడు. "పెద్దాయనతో ఒక్క మాట..."

"ఆయన చేతిలో ఏం లేదండీ ఇప్పుడు."

ఆయన వెనక ఇంకో పదిమంది రుసరుసలాడుతూ నిలబడి ఉన్నారు. మేనేజరు గది తలుపు తీసే ఉంది. లేచి అయిదడుగులు వేస్తే చెప్పేయొచ్చు. చెబితే, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావంటాడు. సోమవారం ఎంతో దూరం లేదనిపించింది.

"సర్లేమ్మా. నెమ్మదిగా తోలుకుంటాను" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున నడుస్తూ మామయ్య అడిగారు. "నిదానానికి ఏ పూట పడింది?"

"పొద్దుటి పూటే మామయ్యా."

ఆలోచించే లోపే నోట్లోంచి జారింది ఆ మాట. సోమవారానికి అది నిజమైపోతుంది కదా, ఆయన్ని ఊరికే కంగారు పెట్టడమెందుకు అని తరవాత సర్దిచెప్పుకున్నాను.

"పోనీలే. యంత్రానికీ కాస్త బుద్ధి పెట్టారన్నమాట" అన్నారాయన. ఆ రోజు దారంతా ఆయన కులాసాగా ఉన్నారు.

శనివారం మధ్యాహ్నం మొదలైన వాన ఆగలేదు. అయిదున్నరకే చీకటి మూసుకొచ్చింది. ఇంట్లో తీగల మీద ఆరని బట్టలు తిరగేస్తుంటే ఫోను మోగింది. ఫ్యాక్టరీల దారిలో రెండో స్టాపు దగ్గర మన బస్సు పేవ్‌మెంటు ఎక్కేసింది. డ్యూటీకి వెళ్ళడానికి ఒక నర్సు అక్కడ గొడుగు వేసుకుని నిలబడి ఉంది. ప్రాణం దక్కింది గానీ మోకాలి కింద కాలు తీసేయాల్సి వచ్చింది.

నిదానానికి దెబ్బ తగల్లేదు. పోలీసు వచ్చి దిగమంటే స్టీరింగు మీంచి చేతులు తీయకుండా అన్నాడట, "కాస్త చెయ్యి పట్టుకుని దింపండి బాబూ, మెట్టు కనపడటం లేదు" అని. అలా బయటపడింది ఆరేళ్ళ సంగతి.

ఫోను పెట్టేసి చెప్పాను. మామయ్య నాకేసి చూశారు.

"సాయంత్రం బండా?"

"అవును మామయ్యా."

ఆయన లేచారు. గొడుగు కూడా తీసుకోకుండా ఆ వానలో ఆసుపత్రికి వెళ్ళారు.

పది రోజులకి పై ఆఫీసు నుంచి ఎంక్వైరీకి ఒకావిడ వచ్చింది. జుట్టు నెరిసిన మనిషి, గొంతు పెంచదు. మేనేజరు గదిలో మామయ్యనీ నన్నూ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. బల్ల మీద ఆరేళ్ళ చార్టులు, మూడు వందల పైచిలుకు కాగితాలు, ఆయన పెన్సిలు రాతే. ఒక్కటీ పారేయకుండా ఆయనే ఏటికేడు కట్టలు కట్టి అటక మీద పెట్టారు.

"ఇన్ని కాగితాల్లో ఈ డ్రైవరుకి ఒక్క సాయంత్రం పడలేదు. ఎందుకండీ?" అందావిడ.

"రేచీకటండీ."

"అంటే మీకు తెలుసు."

"తెలుసండీ."

"మరి కొత్త సిస్టమ్‌కి వివరాలు రాసుకున్నప్పుడు చెప్పలేదా?" ఈ మాట ఆయన్ని అడుగుతూ నాకేసి చూసింది.

ఇంకొక్క క్షణం ఉంటే చెప్పేదాన్నేనని ఇన్నేళ్ళలో నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

"మరిచిపోయానండీ" అన్నారు మామయ్య.

మేనేజరు చటుక్కున తలెత్తాడు. రెండు వందల పది మందిలో ఎవరి ఇంట్లో ఎవరికి జ్వరమో పుస్తకం చూడకుండా చెప్పే మనిషి ఆయన.

"అరవై ఒకటి గుర్తొచ్చాయి. ఇదొక్కటే గుర్తురాలేదా?" అందావిడ.

"పెద్దతనం వచ్చేసిందండీ. మతిమరుపు."

ఆవిడ రాసుకుని, కలం ఎత్తి నావైపు తిరిగింది. "అయితే మీకు చెప్పలేదు."

"లేదండీ" అన్నాను. గొంతు వణుకుతుందనుకున్నాను. వణకలేదు.

మామయ్యని ఆ వారమే సస్పెండు చేశారు. నాలుగు నెలల్లో దండ వేయించుకుని రావలసిన మనిషి, గుర్తింపు కార్డు గేటు దగ్గర ఇచ్చేసి వచ్చారు. ఆ గేటు దగ్గరే ఇరవై మంది డ్రైవర్లు ఉన్నారు, ఒక్కడు పలకరించలేదు. "తెలిసి తెలిసి ఎక్కించాడు, రేపు మన పెళ్ళాలే ఉండేవాళ్ళు ఆ స్టాపులో" అని ఎవరో అనడం నేనే విన్నాను. ఎక్కించింది ఆయన కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ బక్కపల్చటి కండక్టరు కూడా ఆయన్ని చూసి మొహం తిప్పుకుంది. నిదానం ఉద్యోగం పోయింది, కేసు మిగిలింది.

నన్ను మరుసటి నెల సూపర్‌వైజర్ని చేశారు. మినహాయింపుల పేజీ చక్కగా చేశానని పై ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది. ఆ ఉత్తరం మా ఆయన నలుగురికీ చూపించుకున్నాడు.

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. తప్పు జరిగితే సహించడు, తనదైనా సరే, కన్నతండ్రిదైనా సరే. ఒక ఆదివారం భోజనాల దగ్గర మొదలుపెట్టాడు.

"తీగలో ఒక్క పోగు తెగిందంటే మేం లిఫ్టు ఆపేస్తాం నాన్నా. మంత్రి నిలబడి ఉన్నా ఆపేస్తాం. నువ్వు ఆరేళ్ళు దాచావు. పోనీ దాచావే అనుకో, చెప్పాల్సిన రోజున మరిచిపోయావా?"

"తప్పేరా."

"తప్పే అంటే అయిపోయిందా? ఆవిడ కాలు తెచ్చిస్తావా?"

"లేదురా."

"దీనికేమైనా చెప్పినా బాగుండేది" అని నన్ను చూపించాడు. "ఇది రాసుకునేది. అన్నీ రాసుకుంది కదా పాపం."

నేను గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాను. ఏం చేయాలో తోచక "ఇంకొంచెం వడ్డించనా మామయ్యా?" అన్నాను. ఆయన కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టారు.

అప్పటి నుంచి ఆయన మాతో కలిసి భోజనానికి కూర్చోలేదు. ఆకలి లేదనో, తరవాత తింటాననో అనేవారు. పొద్దున్నే డిపోకి నేనొక్కదాన్నే వెళ్ళేదాన్ని.

వానలు వెనకబట్టాయి. చాలా రోజులకి ఎండ కాసిన ఒక ఆదివారం మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. మామయ్య పిట్టగోడ మీద కూర్చుని వీధిలోకి చూస్తున్నారు. ఇక మింగలేక అనేశాను.

"మామయ్యా, నేను ఆయనకి నిజం చెప్పేస్తాను."

"ఏం నిజం?"

"మీరు నాకు చెప్పారని. పొద్దుటి పూటే పడిందని మీతో అబద్ధమాడానని."

"చెప్పి?"

నేను బకెట్లోంచి ఇంకో చొక్కా తీశాను.

"ఇప్పుడు వాడికి తండ్రి మీద కోపం. అది ఎన్నాళ్ళుంటుంది, నేను పోయేదాకా. పెళ్ళాం మీద పెట్టుకుంటే మీ ఇద్దరి బతుకంతా ఉంటుంది. వద్దు." "ఒక్కటి మటుకు అడుగుతానమ్మాయ్. ఎందుకు రాయలేదు?"

"మీరే కదా మామయ్యా, రాయకన్నారు!"

ఆయన నవ్వారు. చప్పుడు లేని నవ్వు.

"అన్నాను. ఆరేళ్ళు మోశానమ్మా దాన్ని. వానపడ్డ ప్రతి సాయంత్రం, ఎవడో సెలవు పెడితే వీణ్ణి ఎక్కించేశారేమోనని డిపో గేటు దాకా వెళ్ళి చూసుకునేవాణ్ణి. ఎవరికైనా చెప్పేసి కూర్చుందామంటే వాడికి మాటిచ్చాను. సరే, నీకు చెప్పాను. కొత్త కుర్చీ కోసం ఎదురు చూస్తున్నదానివి, అరవై ఒకటి రాసినదానివి, రాయకన్నా రాస్తావనుకున్నాను. రాస్తే నిన్ను తిట్టుకునేవాణ్ణి. కోడలు కొంప ముంచిందని పదిమందికీ చెప్పుకునేవాణ్ణి. హాయిగా నిద్రపోయేవాణ్ణి."

నేను చేతిలోని తడి చొక్కాని ఇంకోసారి పిండాను.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మా ఆయన ఇంకో బకెట్టు బట్టలు మోసుకొచ్చాడు. మామయ్య లేచి, కొడుకు పక్కనుంచి ఒత్తిగిలి కిందికి దిగిపోయారు.

"ఏమంటున్నాడు?" అన్నాడు మా ఆయన.

"ఏం లేదు. మళ్ళీ వానొచ్చేలా ఉందంటున్నారు."

మా ఆయన తలెత్తి చూశాడు. మబ్బు తునక లేదు.

"ఆ మతిమరుపు మనిషి మాట పట్టుకుని బట్టలు తీసేయకు" అన్నాడు.

సరే అన్నాను.